ఉర్లగడ్డ పరాటా ఒత్తేటప్పుడు పక్క నుంచి పగులుతోంది, ఎవరైనా చెప్పండి

కొర్లగుంట_కోడలు
మూడు వారాలుగా ఇదే గొడవ. మా పాప మూడో తరగతి. క్లాసులో పక్కన కూర్చునే పిల్ల పంజాబీ. వాళ్ల నాన్నకు రేణిగుంటలో ఉద్యోగమంట. ఆ పిల్ల డబ్బాలో ఆలూ పరాటా తిని వచ్చినప్పటి నుంచి "ఆ ఆంటీ చేసినట్టు చెయ్యి" అని ఒకటే పోరు.

నేను చేసింది ఇదీ. నాలుగు ఉర్లగడ్డలు చెక్కు తీసి, ముక్కలు కోసి, కుక్కర్లో నీళ్లు పోసి మూడు విజిళ్లు. మెదిపి ఎర్రగడ్డ, కొత్తిమీర, ఉప్పు, కారం వేశాను. బస్సు టైం అవుతోందని వేడివేడిగానే పిండిలో పెట్టి ఒత్తాను. కర్ర రెండోసారి తిప్పేసరికి పక్క నుంచి కూర బయటికొచ్చింది. అది కర్రకు అంటుకుంది, ఆ కర్ర మళ్లీ పైపొరను లాక్కుపోయింది. పెనం మీద వేస్తే కారిన కూరంతా మాడి ఇల్లంతా పొగ. మా ఆయన ప్లేటు చూసి "దీనికి ఉప్మా అని పేరు పెట్టు, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు.

ముల్లంగితో ఇంకా ఘోరం. తురిమి ఉప్పు కలిపి పక్కన పెట్టి, గోధుమపిండి కలిపి వచ్చేసరికి గిన్నెలో చారు.

తప్పు పిండిలో ఉందా, కూరలో ఉందా, నా చేతిలో ఉందా?

గ్రీమ్స్‌పేట_గిరి
ముందు ఒకటి తేల్చండి. పరోటానా, పరాటానా? మా చిత్తూరులో సాయంత్రమైతే బండి మీద మైదా ముద్దను విసిరి విసిరి పొరలు తీసి, కాల్చినాక రెండు చేతులతో చరిచి కుర్మా పోసి ఇస్తారు చూడండి, అది నాకు బాగా తెలుసు. అందులో కూర పైన ఉంటుంది, లోపల ఉండదు. పగిలే సమస్యే రాదు.

కొర్లగుంట_కోడలు
పరాటా అన్నా. గోధుమపిండి, లోపల కూర.

గ్రీమ్స్‌పేట_గిరి
అయితే నాకు తెలీదు. కూర్చుని వింటా.

పెద్దక్క_వంటిల్లు
అమ్మా, నీ చేతిలో ఏ తప్పూ లేదు. నీళ్లలో ఉంది తప్పు. గడ్డను చెక్కు తీసి ముక్కలు చేసి ఉడికిస్తే ప్రతి ముక్కా నాలుగు పక్కల నుంచి నీళ్లు తాగుతుంది. తొక్కతో, గడ్డ గడ్డగానే ఉడికించు. కుక్కర్లో నీళ్లు మునిగేదాకా పోయొద్దు. అడుగున ఒక గ్లాసు నీళ్లు పోసి, గడ్డల్ని చిల్లుల గిన్నెలో పెట్టి ఆవిరికి వదిలెయ్. దించగానే తొక్క తీసి పళ్లెంలో విడివిడిగా పరిచి చల్లారనివ్వు. ఆవిరి పోయేకొద్దీ గడ్డ పొడిపొడిగా అవుతుంది.

రెండోది, వేడి కూర లోపల పెట్టావు. ఆ వేడికి లోపల ఆవిరి పుట్టి పిండి పొర తడిసి మెత్తబడుతుంది. అలాంటి పొర కర్రకు ఎలా ఆగుతుంది?

మూడోది, చేత్తో మెదిపితే శెనగగింజంత ఉండలు మిగిలిపోతాయి. కర్ర ఉండ మీదికి ఎక్కిన చోటల్లా పొర చిరుగుతుంది. కొబ్బరి తురిమే పలక మీద గడ్డను తురుము. ఒక్క ఉండ కూడా మిగలదు.

ఇవన్నీ అయ్యాక నేనైతే పెనంలో స్పూను నూనె వేసి జీలకర్ర చిటపటలాడించి, తురిమిన గడ్డ వేసి ఐదు నిమిషాలు తిప్పుతాను. మిగిలిన తడి కూడా పోతుంది.

లుధియానా_రిటర్న్
పెద్దక్క చెప్పిన మొదటి మూడూ సరే, నాలుగోది ఒప్పుకోను. నేను లుధియానాలో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను, కింద ఇంటివాళ్ల వంటిల్లే నా వంటిల్లు. ఆలూ పరాటాకు వాళ్లు కూరను వేయించడం నేను ఒక్కరోజు కూడా చూడలేదు. ఉడికిన గడ్డ, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, చేత్తో నలిపిన వాము, ఆంచూర్, ఉప్పు. అంతే. వేయిస్తే మన మసాలా దోసె కూర రుచి వస్తుంది, పరాటా రుచి రాదు.

ఎర్రగడ్డ వేస్తే మాత్రం జాగ్రత్త. ఉప్పు తగిలిన పది నిమిషాలకు నీరు వదులుతుంది. అందుకే ఉప్పు చివర్లో, పిండి ఉండలు చేసి పెట్టుకున్నాక కలపాలి.

పెద్దక్క_వంటిల్లు
మసాలా దోసె కూర రుచి వస్తే తప్పేంటి నాయనా. తిరుపతిలో తినేవాళ్లకు ఆ రుచే నచ్చుతుంది.

లుధియానా_రిటర్న్
తినేది మూడో తరగతి పాప అక్కా. ఆ పాపకు ఆ ఆంటీ చేసిందే కావాలంట.

పెద్దక్క_వంటిల్లు
అదీ నిజమే.

నగరి_నాగు
ఆంచూర్ అంటే ఏంది?

లుధియానా_రిటర్న్
పచ్చి మామిడి ముక్కలు ఎండబెట్టి కొట్టిన పొడి. అబ్బా, మామిడి జిల్లాలో పుట్టి ఆంచూర్ అడుగుతావా!

నగరి_నాగు
మేము మామిడిని కాయగా తింటాం, పండుగా తింటాం, గుజ్జు తీసి పైదేశాలకు పంపిస్తాం. పొడి కొట్టి ఉర్లగడ్డలో వేసేంత కరువు రాలేదు.

కెమిస్ట్రీ_మాస్టారు
ఇందాక అన్న "నీళ్లలో తప్పు" మాటకు ఇంకాస్త కలుపుతాను. ఉర్లగడ్డలో దాదాపు 80 శాతం నీళ్లే. కాలీఫ్లవర్లో 90 పైన, ముల్లంగిలోనూ సొరకాయలోనూ 95 దరిదాపుల్లో ఉంటాయి. ఉప్పు తగలగానే కణాల్లోని నీళ్లు బయటికి వస్తాయి. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే మర్నాటికి జాడీలో ఊట వస్తుందే, అదే పని. అమ్మాయి ముల్లంగి గిన్నెలో చూసిన చారు అదే. ఆమె చేసిన పని సరైనదే. సగంలో ఆపింది. ఆ నీళ్లు పిండేయాలి, అది మిగిలిపోయింది.

ఇక పిండి సంగతి. గోధుమపిండికి నీళ్లు తగలగానే అందులోని రెండు ప్రొటీన్లు, గ్లయాడిన్, గ్లూటెనిన్, కలిసి గ్లూటెన్ అనే సాగే వల అవుతాయి. పిసికిన వెంటనే ఆ వల బిగుసుకుని ఉంటుంది. ఒత్తితే వెనక్కి లాక్కుంటుంది. మనం ఇంకా గట్టిగా ఒత్తుతాం, అప్పుడు పగులుతుంది. తడిబట్ట కప్పి అరగంట వదిలేస్తే వల సడలుతుంది, చెప్పినట్టు సాగుతుంది.

మార్కెట్లో వచ్చే చక్కీ ఆటా నీళ్లు ఎక్కువ తాగుతుంది. రాతి మధ్య నలిగినప్పుడు పిండిరేణువులు చితికిపోవడం దానికి కారణం. కాబట్టి రెండు కప్పుల పిండికి ముక్కాలు కప్పు నీళ్లు అని ఎవరో చెబితే పట్టుకుని కూర్చోవద్దు. మీ పిండి ఎంత అడిగితే అంత.

గ్రీమ్స్‌పేట_గిరి
మాస్టారూ, పరీక్షలో ఇది వస్తుందా?

కెమిస్ట్రీ_మాస్టారు
పెనం మీద వస్తుంది బాబూ.

పద్మావతీపురం_పద్దు
ఇన్ని మాటలెందుకు. పిండిలో గుప్పెడు మైదా కలపండి, పగలదు. నేను పదేళ్లుగా అదే చేస్తా.

కెమిస్ట్రీ_మాస్టారు
పగలదు, నిజమే. గోధుమపిండిలోని తవుడు రేణువులు ఆ వలను అక్కడక్కడా తెంపుతుంటాయి, మైదాలో అవి ఉండవు కాబట్టి బాగా సాగుతుంది. అయితే అరగంట నాననిస్తే మైదా అవసరమే రాదు. చల్లారితే మైదా కలిపినది రబ్బరులా సాగుతుంది కూడా, డబ్బాలో పెట్టేవాళ్లు చూసుకోవాలి.

పద్మావతీపురం_పద్దు
మా ఇంట్లో చల్లారేదాకా ఎవరూ ఆగరు సార్.

సంగటి_వీరుడు
నాకు ఒకటి అర్థం కాదు. గోధుమ మన చేలో పండేది కాదు. పరాటా మన అవ్వలు చేసింది కాదు. రాగి పిండిలో మునగాకు, ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ వేసి తడిపి తట్టి, పక్కన చెనిక్కాయల ఊరిబిండి పెడితే దాని ముందు ఏ పంజాబు నిలబడుతుంది? 100 గ్రాముల రాగుల్లో క్యాల్షియం 340 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని చెప్పింది కూడా. ప్రపంచమంతా మన వైపు చూస్తా ఉంటే మనం ఉర్లగడ్డను గోధుమలో కుక్కుతా ఉన్నాం.

బైరాగిపట్టెడ_భాను
వీరుడన్నా, ఒక్క నిమిషం. రాగులు వేల ఏళ్ల కింద తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినవి. చెనిక్కాయలు, మిరపకాయలు అమెరికా ఖండాల నుంచి, పోర్చుగీసు వాళ్ల కాలంలో వచ్చినవి. మునగ అయితే హిమాలయాల కింది కొండల చెట్టు. అంటే నీ పళ్లెంలో అందరికంటే దగ్గరి చుట్టం ఆ మునగాకే, అదీ ఉత్తరాదిదే.

గ్రీమ్స్‌పేట_గిరి
😂😂 మునగాకు కూడా పాయె.

సంగటి_వీరుడు
ఎక్కడి నుంచి వచ్చిందని కాదమ్మా, ఎన్నాళ్ల నుంచి ఉండాదని. మా అవ్వకు రాగి తెలుసు, గోధుమ తెలీదు. లెక్క అంతే.

పలమనేరు_పార్వతి
గోధుమా రాగీ తర్వాత కొట్టుకుందురు. వీరుడుగారూ, మునగాకు రొట్టె ఎలా చేస్తారో సరిగ్గా చెప్పండి. నేను తడితే అంచులు పగిలి సూర్యుడి బొమ్మలా వస్తుంది.

సంగటి_వీరుడు
అట్ల అడుగు, చెప్తా. రెండు కప్పుల రాగి పిండి. దూసిన మునగాకు ఒక కప్పు, ఈనెలు లేకుండా. ఎర్రగడ్డ ఒకటి సన్నగా తరిగి, పచ్చిమిరక్కాయలు, జీలకర్ర, ఉప్పు. ముందు ఇవన్నీ పిండిలో వేసి చేత్తో నలుపు. ఆకులో, ఎర్రగడ్డలో ఉండే తడి పిండికి పడుతుంది. తర్వాత కాగిన నీళ్లు కొంచెం కొంచెంగా పోసి గరిటె కాడతో కలుపు, చేయి పెట్టగలిగే వేడికి వచ్చినాక పిసుకు. చల్లనీళ్లతో కలిపితే నీకు వచ్చేది సూర్యుడే.

మూత పెట్టి పదిహేను నిమిషాలు ఉంచు. తడిపి పిండిన పాత పంచె ముక్క పీట మీద పరిచి దాని మీద ముద్ద పెట్టి తట్టు. ఒక చేత్తో తడతా ఉండు, ఇంకో చేయి అరచెయ్యి అంచు గోడలాగా ఆనించి తిప్పతా ఉండు. అంచు పగలదు. నడి మధ్యలో వేలితో ఒక బొక్క పెట్టు. బట్టతో సహా ఎత్తి పెనం మీద బోర్లించి మెల్లగా బట్ట లాగేయ్. ఆ బొక్కలో ఒక చుక్క, చుట్టూ రెండు చుక్కలు నూనె. మూత పెట్టు.

కెమిస్ట్రీ_మాస్టారు
వేడినీళ్లు ఎందుకో కూడా చెప్పేస్తాను. రాగిలో గ్లూటెన్ లేదు, పట్టి ఉంచే వల లేదు. కాగిన నీళ్లకు పిండిపదార్థం కొంత ఉడికి జిగురవుతుంది, ఆ జిగురే దానికి వల.

కుప్పం_కన్నడమ్మాయి
మా వైపు అక్కిరొట్టెకు బియ్యప్పిండితో ఇదే పద్ధతి, కానీ బట్ట మీద తట్టం. చల్లని పెనం మీదే నూనె రాసి నేరుగా తట్టి, అప్పుడు పొయ్యి వెలిగిస్తాం. రొట్టె అసలు ఎత్తే పనే లేదు, విరగదు. ఇబ్బంది ఏందంటే రెండో రొట్టెకు పెనం చల్లారాలి. అందుకే రెండు పెనాలు పెట్టుకుని ఒకటి కాలేలోపు రెండోదాని మీద తడతాం. తొందరపడి కాలే ఇనప పెనాన్ని కొళాయి కింద పెట్టకండి. మా అత్తగారి బీడు పెనం అట్లే టప్పుమని బీట ఇచ్చింది. తప్పు నాది, ఇప్పటికీ వినిపిస్తారు.

సొరకాయతో కూడా చేసి చూడండి. లేత సొరకాయ తురిమి ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచి, వచ్చిన నీళ్లతో సహా బియ్యప్పిండిలో కలపాలి. పైనుంచి చుక్క నీళ్లు పోయక్కర్లేదు. కలిపిన వెంటనే తట్టేయాలి. వదిలేస్తే సొరకాయ ఇంకా నీరు వదులుతా పిండి దోసెపిండి అయిపోతుంది.

నగరి_నాగు
చూశారా, వీళ్లు నీళ్లు పారబోయరు, దాంతోనే పిండి కలుపుతారు. పంజాబోళ్లు ఆ నీళ్లు పిండేసి పారబోస్తారు.

లుధియానా_రిటర్న్
ఎవరన్నారు పారేస్తారని? ముల్లంగి పిండిన నీళ్లతోనే వాళ్లు పరాటా పిండి కలుపుతారు. పిండిలో ఉప్పు తగ్గిస్తే చాలు, ఆ నీళ్లలోనే ఉప్పు ఉంటుంది.

ముల్లంగి పద్ధతి రాస్తా. తురిమి, ఉప్పు కలిపి, పదిహేను నిమిషాలు. పల్చని బట్టలో మూటకట్టి గట్టిగా పిండాలి. మొహమాటపడొద్దు. బట్ట విప్పితే పొడి తురుము రాలాలి. రెండు పెద్ద ముల్లంగులు కలిపి గుప్పెడు మిగులుతాయి, "ఇంతేనా" అనిపిస్తుంది, అంతే. అందులో వాము, పచ్చిమిర్చి, కొత్తిమీర. ఇంక ఉప్పు వేయొద్దు. ఉండలో పెట్టిన వెంటనే ఒత్తి పెనం మీద వేసేయాలి. నాలుగు ఉండలు నింపి పెట్టుకుని ఒక్కొక్కటీ చేద్దామంటే నాలుగోదానికి మళ్లీ చారు.

బైరాగిపట్టెడ_భాను
ముల్లంగి పరాటా స్కూలు డబ్బాలో పెట్టడం గురించి ఒక మాట. మూత తీయగానే క్లాసు మొత్తం తల తిప్పి చూస్తుంది. మా అబ్బాయికి వారం రోజులు ఒక పేరుండేది, ఇక్కడ రాయను.

గ్రీమ్స్‌పేట_గిరి
రాయండి మేడమ్, ప్లీజ్.

బైరాగిపట్టెడ_భాను
రాయను.

అన్నారావు_సర్కిల్
నాకు పరాటా వస్తుంది కానీ కూర తియ్యగా ఉంటోంది. చక్కెర వేసినట్టు. ఏ అంగట్లో గడ్డ తెచ్చినా అంతే.

కెమిస్ట్రీ_మాస్టారు
కోల్డ్ స్టోరేజీ గడ్డ. బాగా చల్లగా నిలవ ఉంచితే గడ్డలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఇంటికి తెచ్చాక గంపలో, చీకటిగా గాలి తగిలేచోట వారం పది రోజులు ఉంచండి. తీపి చాలావరకు తగ్గుతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మళ్లీ అదే కథ. పచ్చరంగు తిరిగిన గడ్డ అయితే వండొద్దు.

అన్నారావు_సర్కిల్
ఇన్నాళ్లూ కూరగాయల ట్రేలో పెట్టి మరీ కాపాడుకుంటున్నా సార్ 🤦

చంద్రగిరి_చందు
మా నాయనకు షుగరు. పరాటా పెట్టొచ్చా?

పెద్దక్క_వంటిల్లు
ఉర్లగడ్డది వద్దు. గోధుమ లోపల గడ్డ అంటే అన్నంలో అన్నం కలుపుకుని తిన్నట్టే. కాలీఫ్లవర్, మెంతాకు పరాటా ఒకటి, పక్కన పప్పో పెరుగో పెట్టు. ఎన్ని తినొచ్చో మాత్రం ఆయన్ను చూసే డాక్టరును అడుగు, మమ్మల్ని కాదు.

చంద్రగిరి_చందు
కాలీఫ్లవర్‌ను ఉడికించాలా?

పెద్దక్క_వంటిల్లు
ఉడికిస్తే ఇక పిండలేవు. వేడి ఉప్పునీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీస్తే పురుగు గిరుగు ఉంటే పోతుంది. బట్ట మీద ఆరేసి, పూర్తిగా ఆరాక పచ్చిగానే తురుము. దీన్ని మాత్రం నేను పెనంలో వేయిస్తాను, లుధియానా అబ్బాయి ఏమన్నా సరే.

లుధియానా_రిటర్న్
కాలీఫ్లవర్‌కు నేనేమీ అనలేదు అక్కా. వేయించేవాళ్లను అక్కడా చూశాను.

పెద్దక్క_వంటిల్లు
ఇది దాచి పెట్టుకుంటా.

సంగటి_వీరుడు
ఇంతకీ మన ఓళిగకూ దీనికీ తేడా ఏంది? లోపల పూర్ణం బదులు ఉర్లగడ్డ. ఓళిగ చేయగలిగిన ఆడమనిషికి పరాటా రాకపోవడం ఏంది?

పలమనేరు_పార్వతి
"ఆడమనిషికి" ఎందుకండీ. మా ఇంట్లో ఓళిగలు మా ఆయనే చేస్తాడు.

నగరి_నాగు
ఓళిగ కాదు, పోళీ.

పలమనేరు_పార్వతి
ఓళిగ.

బైరాగిపట్టెడ_భాను
బొబ్బట్టు 🏃‍♀️

వేదిక_కాపలా
పేరు మీద గొడవ ఇక్కడితో ఆపండి. పోయిన ఉగాదికి ఇదే గొడవ నలభై పోస్టులు సాగింది.

కొర్లగుంట_కోడలు
ఆగండాగండి. వీరుడన్న మాట చదివాక నాకు వెలిగింది. ఓళిగ నాకు బాగానే వస్తుంది! మా అమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది, పూర్ణం ఎంత మెత్తగా ఉందో పిండీ అంతే మెత్తగా ఉండాలని. రెండు ముద్దలూ బొటనవేలితో నొక్కి చూసేది. నేను పరాటాకు చపాతీ పిండి గట్టిగా కలిపి లోపల బురదలాంటి కూర పెడుతున్నాను. పిండి కదలదు, కూర పారిపోతుంది.

పెద్దక్క_వంటిల్లు
అదీ! ఇంతసేపూ ఆ మాట నాకు గుర్తు రాలేదు చూడు. ఇంకోటి, గిన్నెలాగా చేసేటప్పుడు అంచులు పల్చగా, నడుమ మందంగా ఉంచు. అంచులన్నీ పైకి తెచ్చి ముడి వేశాక ఆ ముడి పైన పొరల మీద పొరలు పడతాయి. నడుమ కూడా పల్చగా ఉంటే ఒకవైపు మందంగా, ఇంకోవైపు కూర కనబడేలా వస్తుంది. ముడి దగ్గర మిగిలిన పిండి చిటికెడు తుంచి పారేయ్. ముందు వేళ్లతో నొక్కి వెడల్పు చేసి, తర్వాతే కర్ర పట్టు. కర్రను నడుమ నుంచి అంచుకు తీసుకెళ్లు, అంచు దాటించొద్దు.

ఎస్వీయూ_హాస్టల్‌మేట్
కర్రే లేనివాళ్ల సంగతి? ముగ్గురం రూంలో ఉంటాం. ఉన్నది ఇండక్షన్ స్టవ్, ఒక నాన్‌స్టిక్ పెనం.

లుధియానా_రిటర్న్
గాజు సీసాతో రెండు పల్చని చపాతీలు ఒత్తు. ఒకదాని మీద కూర పరిచి రెండోది కప్పి అంచులు ఫోర్కుతో నొక్కు. నింపి ఒత్తే పనే లేదు.

ఎస్వీయూ_హాస్టల్‌మేట్
సీసాలు ఉన్నాయి అన్నా. చాలా ఉన్నాయి.

గ్రీమ్స్‌పేట_గిరి
అవి ఎక్కడివి అని మాస్టారు అడిగేలోపు పారిపో.

పద్మావతీపురం_పద్దు
కాల్చడం గురించి ఎవరూ చెప్పలేదు. సన్న మంట మీద కాలిస్తే ఎండిపోయి చెప్పు తోలులా అవుతుంది. పెనం బాగా కాగాలి, మంట మధ్యస్థంగా ఉండాలి. మొదట నూనె లేకుండా రెండు వైపులా తిప్పి, చుక్కలు పడ్డాక నెయ్యి. ముందే నెయ్యి పోస్తే పొంగదు. వెన్నతో కాలిస్తే నల్లబడుతుంది, వెన్న తినేటప్పుడు పైన వేసుకోవాలి.

డబ్బాలో పెట్టేవాళ్లు పరాటాను వేడిగా మూయొద్దు. జల్లెడ బోర్లించి దాని మీద రెండు నిమిషాలు ఉంచితే కింద చెమట పట్టదు. మే నెలలో అయితే ఎర్రగడ్డ మానేయండి, మన ఎండకు మధ్యాహ్నానికే వాసన వస్తుంది.

నగరి_నాగు
ఢిల్లీలో చాందినీ చౌక్ పరాటే వాలీ గల్లీలో కాల్చరంట, నెయ్యిలో వేయిస్తారంట. పూరీలాగా. నిజమేనా?

లుధియానా_రిటర్న్
నిజం. లోతు పెనంలో నెయ్యిలో మునిగేలా వేయిస్తారు. ఒకసారి తిన్నా. ఆ రోజు రాత్రి భోజనం చేయలేదు.

కొర్లగుంట_కోడలు
రిపోర్టు. నిన్న స్కూల్ గేటు దగ్గర ఆ పంజాబీ అమ్మను పట్టుకున్నా. నా హిందీ, ఆవిడ తెలుగు కలిపి మొత్తానికి పని జరిగింది. ఆవిడ గడ్డల్ని రాత్రే తొక్కతో ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టేస్తుందంట. పొద్దున్నే తొక్క తీసి తురుముతుంది. రాత్రంతా చల్లగా ఉన్న గడ్డ గట్టిపడి అంటుకోదు. ఇక ఉప్పు, కూరలో కలపనే కలపదు! ఒక్కో ఉండ నింపేటప్పుడు కూర మీద చిటికెడు చల్లి వెంటనే మూసేస్తుంది.

ఈ పొద్దు అదే చేశాను. పిండి ఓళిగంత కాకపోయినా మామూలు చపాతీ కంటే మెత్తగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట ఉంచాను. ఆంచూర్ దొరకలేదు, నిమ్మరసం వద్దనుకుని మామిడి ఒరుగు మిక్సీలో పొడి కొట్టి వేశాను. ఎనిమిది చేశాను. మొదటిది చిరిగింది, మిగతా ఏడూ నిలబడ్డాయి. ఐదోది పూరీలాగా పొంగింది. పొంగినప్పుడు నేను ఒక్కదాన్నే వంటింట్లో ఉన్నా, ఎవరినైనా పిలిచేలోపు అది అణిగిపోయింది.

కెమిస్ట్రీ_మాస్టారు
రాత్రి చల్లారిన గడ్డలో పిండిపదార్థం మళ్లీ గట్టిపడి సర్దుకుంటుంది. అందుకే పొడిగా రాలింది. నేను పచ్చి గడ్డను ఫ్రిజ్‌లో పెట్టొద్దన్నాను, ఉడికినదానికి ఆ బాధ లేదు. మిక్సీలో మాత్రం ఎవరూ గడ్డను వేయకండి, జిగురు పట్టిపోతుంది.

పెద్దక్క_వంటిల్లు
ఆయన ఏమన్నాడు, అది చెప్పు ముందు.

కొర్లగుంట_కోడలు
నాలుగు తిని "ఉప్మా బాగుంది" అన్నాడు.

సంగటి_వీరుడు
పాప?

కొర్లగుంట_కోడలు
డబ్బా ఖాళీగా వచ్చింది. తినింది మా పాప కాదంట, ఆ పంజాబీ పిల్ల. నేను పక్కన పెట్టిన ఊరిబిండితో తినేసిందంట. "రేపు అది ఎక్కువ పెట్టు" అని కబురు పంపింది.

సంగటి_వీరుడు
🙏 ఇంక నేను మాట్లాడను.

బైరాగిపట్టెడ_భాను
నమ్మొచ్చా?

గ్రీమ్స్‌పేట_గిరి
నేనూ రేపు చేస్తా. జీవితంలో మొదటిసారి. నాలుగు గడ్డలు ఇప్పుడే కుక్కర్లో పెట్టినా. తొక్కతోనే మాస్టారూ.

పద్మావతీపురం_పద్దు
పిండి ఉందా ఇంట్లో?

గ్రీమ్స్‌పేట_గిరి
మైదా ఉంది.